కట్టడపు పనిలో కొట్లాటలు, గాయాలు: సంఘం తెలుసుకోవలసిన సంగతులు



దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త తరచుగా కనబడుతుంది. కడుతున్న బిల్డింగు దగ్గర ఇద్దరు కూలీలు గొడవపడ్డారు. ఒకడు ఇనుప చువ్వతోనో పారతోనో కొట్టాడు. రెండోవాడు ఆస్పత్రిలో ఉన్నాడు. కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్టు ఎస్సై చెప్పారు. మరునాడు ఆ వార్త ఇక కనబడదు. దెబ్బతిన్నవాడు మళ్లీ తట్ట మోయగలిగాడా, కొట్టినవాడి పిల్లలు ఏం తింటున్నారు, ఇద్దరికీ రావలసిన కూలి డబ్బులు ఎవరైనా ఇచ్చారా అన్నది ఎవరూ రాయరు.

ఈ వారం మేము దీన్ని గురించే రాయదలచాం. తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివారు, రాడ్ బెండర్లు, మట్టి పనివారు, పెయింటర్లు, వారి భార్యాబిడ్డలు మన సంఘాల్లో ఉన్నారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి హైదరాబాదుకు, అమరావతికి వచ్చి రేకుల షెడ్లలో కాపురం ఉంటున్నవారు ఆదివారం మన వెనుక వరుసల్లో కూర్చుంటున్నారు. మన మందిరాలను కట్టేదీ ఇలాంటి చేతులే. అయినా పని దగ్గర రక్తం కారినప్పుడు, "తాగి కొట్టుకున్నారు, మనకెందుకు" అని మనలో చాలామంది పక్కకు తప్పుకుంటున్నారు. ఆ మాట ఎందుకు సరికాదో, అలాంటప్పుడు ఏం చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ఇటుకల దగ్గర పుట్టిన గొడవ

బైబిలు చెప్పే మొదటి హత్య పొలంలో జరిగింది. ఆదికాండము 4వ అధ్యాయంలో కయీను తన తమ్ముణ్ణి చంపింది తాను రోజూ సేద్యం చేసుకునే చోటనే.

నిర్గమకాండము ఇంకా దగ్గరి ఉదాహరణ ఇస్తుంది. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఫరో కోసం పీతోము, రామెసేసు పట్టణాలు కట్టారు. మట్టి తొక్కి ఇటుకలు చేశారు. మోషే వారి దగ్గరికి వెళ్లిన మొదటి రోజు ఒక ఐగుప్తీయుడు హెబ్రీయుణ్ణి కొట్టడం చూశాడు. రెండో రోజు చూసింది వేరు. ఇద్దరు హెబ్రీయులు తమలో తామే కొట్లాడుకుంటున్నారు. తప్పు చేసినవాణ్ణి, నీ తోటివాణ్ణి ఎందుకు కొడుతున్నావని మోషే అడిగాడు. ఆ మనిషి, నిన్ను మామీద పెత్తనానికి ఎవరు పెట్టారని ఎదురు తిరిగాడు.

ఇద్దరి వీపు మీదా పడేది ఒకే కొరడా. అయినా ఒకరి మీద ఒకరు చెయ్యెత్తారు. ఎందుకన్నది 5వ అధ్యాయం చదివితే కొంత అర్థమవుతుంది. గడ్డి ఇవ్వడం మానేశారు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. లెక్క తప్పినప్పుడు దెబ్బలు తిన్నది హెబ్రీయులలోంచే నియమించిన నాయకులు. పైవాడు నాయకుణ్ణి కొడతాడు, నాయకుడు కూలీని తరుముతాడు, కూలీ పక్కనున్న కూలీ మీద విరుచుకుపడతాడు. నేటి సైటులో బిల్డరు, కాంట్రాక్టరు, గుంపు మేస్త్రీ, కూలీ అనే వరుసలో జరిగేదీ ఇదే.

పరిస్థితి కఠినమైనదని చెప్పి కొట్టినవాడి తప్పును మేము కొట్టివేయడం లేదు. మోషే కూడా తప్పు చేసినవాణ్ణే నిలదీశాడు. కానీ తాగుడు ఒక్కటే కారణమని తేల్చేస్తే మిగతా కారణాలు అలాగే మిగిలిపోతాయి.

గొడవ ఎక్కడ మొదలవుతుంది?

పనివారితో మాట్లాడితే మొదట వినబడేది కూలి డబ్బుల సంగతే. చాలా చోట్ల కూలి నేరుగా చేతికి రాదు, మేస్త్రీ ద్వారా వస్తుంది. కాంట్రాక్టరు బిల్లు ఆపితే మేస్త్రీ కూలి ఆపుతాడు. పైవాడు అందడు కాబట్టి కోపం మేస్త్రీ మీదికి మళ్లుతుంది, లేదా తన కూలి ముందే అందుకున్న తోటివాడి మీదికి. ఊళ్లోనే అడ్వాన్సు తీసుకుని వచ్చినవాడు గొడవ ముదిరినా పని వదిలి వెళ్లలేడు. పగ పెట్టుకున్న ఇద్దరూ రాత్రి ఒకే షెడ్డులో పడుకోవాలి.

రెండోది పని తొందర. స్లాబ్ వేసే రోజు మిల్లర్ ఆగకూడదు, తట్ట ఆగకూడదు. గుత్త పనిలో ఒకడు నెమ్మదిస్తే అందరి సంపాదన తగ్గుతుంది. ఎండలో పది గంటలు పనిచేసి అలసినవాడికి చిన్న మాట కూడా ఓర్వరానిదవుతుంది.

మూడోది షెడ్డు బతుకు. నీళ్ల కుళాయి ఒకటే, వంటకు చోటు తక్కువ, ఫోను ఛార్జింగుకు ప్లగ్గులు రెండు. పనిముట్టు పోతే పక్కవాడి మీదే అనుమానం. తెలుగు రానివాడికి తెలుగువాడి తిట్టు సగమే అర్థమవుతుంది, ఆ సగమూ ఇంకా పెద్దదిగా వినిపిస్తుంది. కులం పేరుతో, ప్రాంతం పేరుతో అన్న మాటలు, ఆడకూలీల పట్ల వెకిలి చేష్టలు వీటికి తోడవుతాయి. రాత్రి సారా వీటన్నిటికీ నిప్పంటిస్తుంది. ఇక చేతికి అందేవి గునపం, సుత్తి, పార, చువ్వ. ఇంటి దగ్గర చెంపదెబ్బతో ముగిసే తగవు ఇక్కడ పుర్రె పగలడంతో ముగుస్తుంది.

పనివారి మధ్య జరిగే గాయాలన్నీ కోపంతో చేసినవి కావు. సరదా పేరుతో చేసేవీ ఉన్నాయి. నిచ్చెన ఊపడం, పరంజా మీద ఉన్నవాణ్ణి ఉలిక్కిపడేలా చేయడం, పనిముట్టు అందించకుండా విసరడం మనం చూస్తున్నవే. కంప్రెసర్ గాలి పైపును తోటి పనివాడి మలద్వారం దగ్గర ఆటగా పెట్టడం వల్ల పేగులు చిట్లి ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలో ఒకటికి మించి జరిగాయి. పొరుగువాణ్ణి మోసగించి, ఊరికే ఆడుకున్నానని చెప్పేవాణ్ణి సామెతలు 26:18, 19 నిప్పు కొరవులూ బాణాలూ విసిరే పిచ్చివాడితో పోలుస్తుంది. మన యువకుల కూటాల్లో ఈ మాట బోధించాలి.

ధర్మశాస్త్రం గీసిన గీత

మోషే ధర్మశాస్త్రం ఈ విషయంలో చాలా వివరంగా మాట్లాడుతుంది. ద్వితీయోపదేశకాండము 19:5లో ఇద్దరు కలిసి కట్టెలు కొట్టడానికి అడవికి వెళతారు. గొడ్డలి ఊడి రెండోవాడికి తగిలి చనిపోతాడు. ఇది పనిలో జరిగిన ప్రమాదం, పగతో చేసింది కాదు. అందుకే చేతిలోంచి గొడ్డలి జారినవాడికి ఆశ్రయపురం ఏర్పాటు చేశారు. చనిపోయినవాడి బంధువు మండే కోపంతో తరిమి అతణ్ణి చంపకూడదు. అదే అధ్యాయంలో, పగతో పొంచి ఉండి చంపినవాడు ఆశ్రయపురానికి పారిపోయినా కాపాడవద్దని ఉంది. ప్రమాదానికీ పగకూ తేడా చూడాలి, ఆ తేడాను కోపంలో ఉన్న గుంపు తేల్చకూడదు.

నిర్గమకాండము 21:18, 19 మన అంశానికి ఇంకా సూటిగా తగులుతుంది. ఇద్దరు పోట్లాడుకుని ఒకడు రాతితోనో పిడికిలితోనో రెండోవాణ్ణి కొడతాడు. అతడు చావలేదు, మంచం పట్టాడు. తరవాత లేచి చేతికర్రతో నడిచాడు. అప్పుడు కొట్టినవాడికి మరణశిక్ష లేదు. కానీ రెండు బాధ్యతలు మిగులుతాయి. దెబ్బతిన్నవాడు పని చేయలేకపోయిన రోజులకు నష్టం చెల్లించాలి, పూర్తిగా బాగయ్యేవరకు వైద్యం చేయించాలి.

కూలీ బతుకు తెలిసిన దేవుడు మాత్రమే ఇవ్వగల ఆజ్ఞ ఇది. కూలీకి గాయం అంటే ఒక్క నొప్పి మాత్రమే కాదు, పోయిన రోజుల కూలి కూడా. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, అడ్వాన్సు అప్పు పెరుగుతుంది, పిల్లవాడు బడి మాని పనికి వస్తాడు. ధర్మశాస్త్రం ఆ రోజులను కూడా లెక్కలోకి తీసుకుంది.

మన దేశ చట్టంలో ఏముంది?

1923 నాటి పరిహార చట్టం ఈ రెండు సంగతులనూ గుర్తించింది. పని కారణంగా, పని సమయంలో జరిగిన ప్రమాదంలో గాయపడినవాడికి యజమాని పరిహారం ఇవ్వాలి. తాత్కాలికంగా పని చేయలేని కాలానికి నెల జీతంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకోసారి చెల్లించాలి. వైద్యానికి నిజంగా అయిన ఖర్చు తిరిగి ఇవ్వాలని 2009 నాటి సవరణ చేర్చింది. మరణానికి, శాశ్వత వైకల్యానికి వయసును, జీతాన్ని బట్టి పరిహారం లెక్కిస్తారు. దరఖాస్తుకు గడువు సాధారణంగా రెండేళ్లు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. ఈ హక్కులు ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో ఉన్నాయి. బిల్డరు తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినా, ఆ కాంట్రాక్టరు పనివాడికి పరిహారం బిల్డరు నుంచి కూడా కోరవచ్చు.

తోటి పనివాడు కొట్టిన దెబ్బ "ప్రమాదం" కిందికి వస్తుందా అన్నది గొడవ మూలాన్ని బట్టి ఉంటుంది. పని అప్పగింపు, పనిముట్టు, కూలి లెక్క వంటి పనికి సంబంధించిన సంగతిపై రేగిన గొడవైతే పరిహారం అడగడానికి బలం ఉంటుంది. ఊళ్లో ఉన్న భూమి తగాదా పగ సైటులో తీర్చుకుంటే ఆ బలం తగ్గుతుంది. దెబ్బతిన్నవాడు తాగి ఉండటమే గాయానికి నేరుగా కారణమైతే, మరణమో శాశ్వత సంపూర్ణ వైకల్యమో అయితే తప్ప, పరిహారం రాకపోవచ్చు. తాగుడు ఇంటిని ఎన్ని విధాల దోచుకుంటుందో ఇందులోనూ చూడవచ్చు.

ఇక నేరం సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సాధారణ గాయానికి, తీవ్ర గాయానికి, ఆయుధంతో చేసిన గాయానికి వేర్వేరు శిక్షలున్నాయి. ఎముక విరగడం, కన్ను పోవడం, పన్ను ఊడటం, 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉండటమో రోజువారీ పనులు చేసుకోలేకపోవడమో, ఇవన్నీ తీవ్ర గాయాలే. తీవ్ర గాయానికి ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ప్రాణం తీయగల వస్తువును ఆయుధంగా వాడి తీవ్ర గాయం చేస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం. చువ్వ, గునపం ఆ కోవలోకి రావచ్చు. ఒక్క నిమిషపు కోపానికి ఇంత మూల్యం ఉందని మన పనివారిలో ఎంతమందికి తెలుసు?

గల్ఫ్‌లో పనిచేసే మనవారికి ఇది మరీ అవసరం. దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు మరణం కేసులో శిక్షపడిన తెలంగాణ వలస కార్మికులు ఐదుగురు దాదాపు 18 ఏళ్లు అక్కడి జైల్లో గడిపి 2024లో ఇంటికి చేరారు. అవతల నేపాల్‌లో ఒక కుటుంబం తన మనిషిని కోల్పోయింది. ఇవతల ఐదు ఇళ్లలో పిల్లలు తండ్రి లేకుండా పెరిగారు.

"జారిపడ్డాడు" అనే అబద్ధం

కొట్లాట జరిగిన వెంటనే సైటులో ఒక మాట అనుకుంటారు: ఆస్పత్రిలో జారిపడ్డాడని చెబుదాం. పోలీసు కేసు కాకూడదని కాంట్రాక్టరు అంటాడు, పని ఆగిపోతుందని మేస్త్రీ అంటాడు, దెబ్బతిన్నవాడు కూడా భయంతో తల ఊపుతాడు. సంఘ పెద్దలు సైతం మంచి ఉద్దేశంతో ఈ సలహా ఇస్తుంటారు. దయచేసి ఇవ్వకండి.

మొదటిది, అది అబద్ధం. రెండోది, దెబ్బ దేనితో, ఎక్కడ, ఎంత బలంగా తగిలిందో తెలియకపోతే డాక్టరు సరైన చోట వెతకలేడు. చువ్వతో కడుపులో కొట్టిన దెబ్బకు పైన కమిలిన మచ్చ మాత్రమే కనబడవచ్చు, లోపల ప్లీహం చిట్లి ఉండవచ్చు. మూడోది, ఆస్పత్రి రిజిస్టరులో రాసిన మొదటి మాటే తరవాత కేసుకు ఆధారం. అక్కడ ఒకటి, కోర్టులో మరొకటి చెబితే న్యాయం దెబ్బతిన్నవాడికే దూరమవుతుంది.

పోలీసులు వచ్చేదాకా వైద్యం చేయబోమని ఏ ఆస్పత్రీ అనకూడదు. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు, కేసు ఏదైనా ముందు ప్రాణం కాపాడటం ప్రతి డాక్టరు బాధ్యత అని తేల్చింది.

దెబ్బ తగిలిన మొదటి గంట

108కి ఫోను చేయండి. గొడవ ఇంకా సాగుతుంటే 112కి కూడా చేయండి. తలకు దెబ్బ తగిలినవాడు కాసేపు స్పృహ తప్పి లేచి "బాగానే ఉన్నాను" అన్నా నమ్మి షెడ్డులో పడుకోబెట్టవద్దు. వాంతులు, మగత, మాట తడబడటం, ఒక కంటిపాప పెద్దదిగా కనబడటం లోపల రక్తస్రావానికి గుర్తులు కావచ్చు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే, అక్కడ వేరే ప్రమాదం లేనంతవరకు కదిలించవద్దు. ఒంట్లో దిగిన చువ్వను లాగవద్దు, కదలకుండా పట్టి ఉంచి తీసుకెళ్లండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. వేలు తెగితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు.

కొట్టినవాణ్ణి గుంపుకు వదలవద్దు. అతణ్ణి వేరుగా కూర్చోబెట్టి పోలీసులకు అప్పగించండి. ఆశ్రయపురం నేర్పిన పాఠం ఇదే.

క్షమాపణ, రాజీ ఒకటి కావు

ఇక్కడ మన సంఘాలు తరచు తడబడుతున్నాయి. ఇద్దరూ విశ్వాసులైతే పాస్టరుగారి గదిలో కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, చేతులు కలిపించి, విషయం ముగిసిందంటాం. దెబ్బతిన్నవాడు ఇంకా కుట్లతో ఉంటాడు. ఆస్పత్రి బిల్లు అతని భార్య పుస్తెల మీద తెచ్చిన అప్పు. "నువ్వు క్షమించలేదా?" అని అతణ్ణే అడుగుతాం.

మత్తయి 5:23, 24లో ప్రభువు ఎవరికి చెప్పాడో చూడండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి వెళ్లవలసినవాడు, తన మీద సహోదరుడికి ఏదో విరోధం ఉందని గుర్తొచ్చినవాడు. అంటే మొదట నడవవలసింది నొప్పించినవాడు. జక్కయ్య పశ్చాత్తాపం మాటతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. దెబ్బతిన్నవాడు హృదయంలో క్షమించవచ్చు, క్షమించాలి కూడా. కానీ వైద్య ఖర్చు, పోయిన కూలి అడగడం క్షమించకపోవడం కాదు. పరిహారానికి దరఖాస్తు పెట్టడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఆయుధంతో తీవ్ర గాయం చేసిన కేసును పెద్దల రాజీతో మూసేయడానికి చట్టం ఒప్పుకోదు. అలాంటి కేసుల్లో తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించే పనికి కాపరులు దూరంగా ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోను నంబరు 15100. ఆ కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్లడం కాపరి పనే.

కొట్టినవాణ్ణి కూడా సంఘం విడిచిపెట్టకూడదు. జైల్లో ఉన్నవాణ్ణి చూడటానికి వెళ్లడం మత్తయి 25లో ప్రభువు లెక్కించిన సేవ. అతని భార్యాబిడ్డలు ఏ తప్పూ చేయలేదు. రెండు ఇళ్లకూ బియ్యం పంపిన సంఘం ఎవరి పక్షమూ పట్టినట్టు కాదు.

మందిరం కట్టే సంఘాలకు ఒక మాట

కొత్త ఇంటికి పిట్టగోడ కట్టమని, లేకపోతే పడినవాడి రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22:8 చెబుతుంది. ఇల్లు కట్టించేవాడు ముందుగానే ఆలోచించాలని దీని అర్థం. మందిరం కట్టించే కమిటీలకు ఈ మాట వర్తించదా? కాంట్రాక్టరుకు అప్పగించాం, ఇక మాకు సంబంధం లేదని దేవుని ఎదుట చెప్పగలమా?

మేము కోరేవి ఇవి. కాంట్రాక్టు రాసుకునేటప్పుడే పనివారికి బీమా, వారం వారం కూలి చెల్లింపు షరతులుగా రాయండి. కూలి నేరుగా పనివాడి చేతికో ఖాతాకో చేరుతోందా అని కమిటీలో ఒకరు శనివారం వెళ్లి చూడండి. కూలి ఆలస్యం చేయవద్దని ద్వితీయోపదేశకాండము 24:15, యాకోబు 5:4 చెప్పిన మాట మందిరం పనికే మొదట వర్తిస్తుంది. తాగునీరు, నీడ, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె ఏర్పాటు చేయండి. రాత్రి గునపాలు, చువ్వలు గదిలో పెట్టి తాళం వేయించండి. గొడవ వస్తే ఎవరికి చెప్పాలో పనివారి భాషలో చెప్పండి. పని తొందర పెట్టి, ప్రతిష్ఠ తేదీ ముందే ప్రకటించి, ఆ ఒత్తిడిని కూలీల మీద వేయకండి.

పని చేసే మన సభ్యుల సంగతి కూడా ఉంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు కట్టడపు పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే సెస్సుతో ఈ బోర్డు ప్రమాద మరణం, వైకల్యం వంటి వాటికి సాయం చేస్తుంది. కార్డు లేనివాడికి ఆ సాయం అందదు. చదువుకున్న మన యువకులు ఒక ఆదివారం ఆరాధన తరవాత బల్ల వేసుకుని కూర్చుంటే సంఘంలో ఉన్న పనివారందరి దరఖాస్తులూ నింపవచ్చు.

సమరయుడు దారిలో గాయపడి ఉన్నవాణ్ణి చూసినప్పుడు, ఎవరు కొట్టారు, ముందు ఎవరు తిట్టారు అని అడగలేదు. గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. మీ ఊళ్లో, మీ పేటలో ఈ వారం ఏ సైటు దగ్గరైనా దెబ్బలు తగిలిన మనిషి ఉన్నాడేమో తెలుసుకోండి. అతను మన సంఘంవాడు కాకపోయినా వెళ్లి చూడండి. ప్రభువు మన సంఘాలకు ఆ కృప దయచేయును గాక.